కదలుటకు ముందు ఆగుట

(సంఘ వార్షికోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



పద్యమును, పాటను విని ఆనందించుటకై కూడిన ఈ సభలో మోటారుబండి బ్రేకులను గూర్చిన ప్రసంగ మేమని కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. కాని వేగమును గూర్చియు, నిలుపుటను గూర్చియు మన పురాణములు మౌనము వహింపలేదు. భారతములోని నలోపాఖ్యానము నెరిగినవారికి బాహుకుని సారథ్యము జ్ఞప్తికి వచ్చును. ఋతుపర్ణ మహారాజు విదర్భకు పోవుచుండగా ఆయన ఉత్తరీయము గాలికి జారి నేలబడెను. రథము నిలిపినచో దానిని తెప్పింతునని రాజు అనునంతలోనే, అది యోజన దూరము వెనుకబడినదని సారథి చెప్పెను. నలుని అశ్వవిద్యను పొగడుటకై ఈ కథను చెప్పుదురు. కాని అందొక హెచ్చరికయు కలదు. ఆపవలెనను తలంపునకును, బండి ఆగుటకును నడుమ కొంత దూరము గడచియే తీరును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు సాగును. ఎదుట పసిబిడ్డ కనబడి, కాలు బ్రేకు మీదికి పోవులోపలనే ఆ దూరము గడచిపోవచ్చును. ఆపైన మిగిలిన దూరమును కుదించు భారమంతయు బ్రేకుదే.

స్పోర్ట్స్ కూపే యనబడు కారునకు అరిగిపోయిన బ్రేకు ప్యాడులను ఇంటివద్దనే మార్చుకొనుట నేటి ప్రసంగ విషయము. రెండు తలుపులు, వెనుకకు వాలిన కప్పు, ముందు ఇద్దరికి తగిన చోటు, వెనుక పేరునకు మాత్రము రెండు సీట్లు గల కారును కూపే యందురు. ప్రభుత్వ నివాసములలో కారు నిలుపుకొనుటకే చోటు చాలదు. అట్టిచోట చక్రములు విప్పుకొని కూర్చుండుట ఊహింపరాని పని. అవసరమునకు వీధి మలుపులోనే మెకానిక్కు దొరకును. కాని ఈ సభలోని అనేక కుటుంబముల కొడుకులు, కూతుండ్రు, అల్లుండ్రు అమెరికాలో స్థిరపడియున్నారు. అచ్చట మెకానిక్కు కూలి మిక్కుటము. ఇంటికి చేరి గ్యారేజి యుండుట సాధారణము. పనిముట్లు అంగడిలో సులభముగా లభించును. కావున ఉద్యోగి యైనను, వైద్యుడైనను ఆదివారము నాడు చేతులకు మసి పూసికొని తన కారును తానే బాగుచేసికొనుట అచ్చట చిన్నతనము కాదు.

ఈ పని చరిత్రలో ఎట్లు మొదలైనదో తెలిసికొనిన, చిన్నతనమేమియు లేదని రూఢియగును. 1888 ఆగస్టు మాసమున జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను గృహిణి, భర్తతో చెప్పకయే, ఆయన నిర్మించిన మూడు చక్రముల మోటారుబండిలో ఇద్దరు కుమారులను ఎక్కించుకొని, మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరెను. ఆ దూరము 100 కిలోమీటర్లకు మించినది. అంతటి దూరము మోటారుబండిలో అంతకుముందు ఎవరును ప్రయాణము చేసియుండలేదు. త్రోవలోని పల్లములలో దిగునప్పుడు బ్రేకు దిమ్మెలు అరిగిపోయెను. ఆమె ఒక గ్రామమున చెప్పులు కుట్టువానిని పిలిచి, ఆ దిమ్మెలకు తోలు కొట్టించి ముందునకు సాగెను. బ్రేకు లైనింగునకు అదియే ఆది యని చెప్పుదురు. కారును కనిపెట్టినవాడు కార్ల్ బెంజ్. దానికి నమ్మదగిన బ్రేకు కావలెనని త్రోవలో తెలిసికొని, అప్పటికప్పుడు ఉపాయము చేసినది ఆయన ఇల్లాలు. పిదప 1897లో ఇంగ్లండునందు హెర్బర్ట్ ఫ్రూడ్ అనునతడు బ్రేకు లైనింగులను తయారుచేయుట ప్రారంభించెను. చెప్పులవాని తోలుముక్క క్రమముగా ఒక పరిశ్రమ యయ్యెను.

నేటి కారులలోని డిస్కు బ్రేకుకును పెద్ద చరిత్రయే కలదు. దానికి ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఇంగ్లీషు ఇంజనీరు 1902లో పేటెంటు పొందెను. కాని అర్ధ శతాబ్దము వరకు అది కారులలో విరివిగా వ్యాప్తి చెందలేదు. 1953లో ఫ్రాన్సు దేశపు లె మాన్ పట్టణమున జరిగిన ఇరువదినాలుగు గంటల పందెమున డన్‌లప్ డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ సి-టైపు కారు గెలుపొందెను. ఆ గెలుపు ఇంజనులో మాత్రమే లేదు. మలుపు సమీపించినప్పుడు తక్కిన కారులు ముందుగా వేగము తగ్గించుకొనవలసి యుండగా, ఈ కారు మరికొంత దూరము వేగముగానే సాగి, ఆపైన బ్రేకు వేయగలిగెను. గంటల తరబడి వాడినను బ్రేకు పట్టు సడలలేదు. నిలుపగలిగిన వానికే పరుగెత్తుటకు ధైర్యము కలుగునను సత్యము ఆ పందెమున లోకమునకు వెల్లడి యయ్యెను.

ఇక నేటి కూపే యొకదానిని తీసికొందము. టొయోటా, సుబారు సంస్థలు కలసి రూపొందించి, 2012లో అంగడికి తెచ్చిన టొయోటా 86 అనునది మధ్యతరగతి వారికి అందుబాటులోనుండిన స్పోర్ట్స్ కూపేలలో పేరొందినది. బరువు సుమారు 1,250 కిలోగ్రాములు. ఇంజను ముందు భాగముననుండి వెనుక చక్రములను త్రిప్పును. నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులే.

చక్రముతోపాటు తిరుగు ఇనుప పళ్ళెమే డిస్కు. దానిని ఇరుప్రక్కల నుండి ఒత్తిపట్టు పటకారు వంటి భాగము క్యాలిపరు. పటకారు నోటిలో డిస్కునకు రాచుకొను బిళ్ళలే ప్యాడులు. కాలు పెడలును నొక్కినప్పుడు గొట్టములలోని బ్రేకు ఆయిలు పిస్టనులను త్రోయును. పిస్టనులు ప్యాడులను డిస్కునకు అదుమును. ఆ రాపిడిలో కారు వేగము వేడిగా మారిపోవును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు ఆ కారులో నిక్షిప్తమైన శక్తి సుమారు 4 లక్షల 80 వేల జౌళ్ళు. అది ఒకటిన్నర లీటరు చన్నీళ్ళను మరిగించుటకు చాలును. ఇంటిల్లిపాదికి కాఫీ కాచుటకు పొయ్యిమీద కొన్ని నిమిషములు పట్టు వేడిని బ్రేకులు మూడు నాలుగు సెకనులలో మ్రింగివేయవలెను. వేగము రెట్టింపైనచో ఆ శక్తి నాలుగింతలగును. ఈ లెక్క గ్రహించినవారికి ప్యాడు ఎందుకు అరుగునో, అరిగినదానిని ఉపేక్షించుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు.

క్రొత్త ప్యాడునందు రాపిడి పదార్థము సుమారు 10 మొదలు 12 మిల్లీమీటర్ల మందముండును. అది 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్చుటకు సిద్ధపడవలెను. అనేక ప్యాడులకు ఒక చిన్న లోహపు నాలుక అమర్చబడియుండును. ప్యాడు అరిగినకొద్దీ అది డిస్కునకు తగిలి కీచుమని అరచును. ఆ అరపును రేడియో శబ్దము పెంచి కప్పిపుచ్చువారును లోకమున కలరు! పదార్థమంతయు పోయి వెనుకనున్న ఇనుపరేకు డిస్కును కోయుట మొదలిడిన పిమ్మట, చిన్న ఖర్చుతో తీరవలసిన పని పెద్ద ఖర్చునకు దారితీయును.

ఇప్పుడు ఒక ఇంటిని భావింపుడు. పేళ్ళతో పనిలేదు, ఇట్టి ఇండ్లు అమెరికాలో అనేకములు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయమున ముప్పది సంవత్సరములు పనిచేసి విశ్రాంతి పొందిన తండ్రి, తల్లి, కుమారుని చూచుటకై పోయిరి. కుమారుడు ఇంజనీరు. అతనికి ఎర్రని కూపే కలదు. ముందు చక్రములు కొన్నిదినములుగా కీచుమనుచున్నవి. మరునాటి ఉదయము తల్లిని దేవాలయమునకు తీసికొనిపోవలెను. కావున ఆ సాయంకాలమే ప్యాడులు మార్చివేయ నిశ్చయించెను. తండ్రి గ్యారేజి గుమ్మమున కుర్చీ వేసికొని కూర్చుండెను. ఆయనకు పానా పట్టుట రాదు. కాని కొడుకు పని చేయుచుండగా చూచుట ఇష్టము.

కుమారుడు పనిని శాస్త్రప్రకారమే ఆరంభించెను. కారును సమతలమున నిలిపి, వెనుక చక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టెను. చక్రము నేలమీద నుండగానే నట్లను కొంచెము సడలించెను. గాలిలోనికి లేచిన చక్రమునకు నట్లు సడలింపబోయినచో చక్రము తిరుగుటయే గాక కారు జాకీ మీదనుండి ఒరుగు ప్రమాదము కలదు. పిదప జాకీతో లేపి, తయారీదారులు నిర్ణయించిన చోటుల క్రింద జాకీ స్టాండులు నిలిపి, బరువును వానిపై మోపెను. జాకీ లేపుటకే గాని మోయుటకు కాదు. ఒక్క జాకీని నమ్మి కారు క్రింద చేయి పెట్టుట పాముపుట్టలో చేయి పెట్టుటయే.

చక్రము తీసిన తరువాత క్యాలిపరు బోల్టులు విప్పి, దానిని ప్రక్కకు తప్పించెను. దానిని రబ్బరు గొట్టము ఆధారముగా వ్రేలాడనీయక, తీగతో స్ప్రింగునకు కట్టెను. గొట్టము లోపల చిట్లినచో పైకి కనబడదు. కనబడు నాటికి ఆలస్యమగును. పాత ప్యాడులు బయటకు తీసి లోపలిదానిని, వెలుపలిదానిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చెను. రెండును సమానముగా అరిగినచో అంతయు బాగున్నట్లు. ఒకటి అరిగి, రెండవది మిగిలియున్నచో, క్యాలిపరు జారవలసిన పిన్నులు బిగిసినవని అర్థము. అట్టి పిన్నులను తుడిచి, రబ్బరునకు హాని చేయని సిలికోను గ్రీజు పూయక, ప్యాడులు మాత్రము మార్చినవాడు రోగమును విడిచి జ్వరమునకు మందిచ్చిన వైద్యునితో సమానుడు.

డిస్కును కూడ చూడవలెను. దాని కనీస మందము సాధారణముగా దాని అంచుననో నడుమనో ముద్రింపబడియుండును. అంతకు దిగినచో ప్యాడు క్రొత్తదైనను ప్రయోజనము లేదు. మన యువకుని డిస్కులు బాగుండెను. కావున అతడు పిస్టనులను వెనుకకు నొక్కుటకు ఉపక్రమించెను. పాత ప్యాడులు పలుచనైనందున పిస్టనులు ముందునకు చొచ్చుకొని వచ్చియుండును. దళసరియైన క్రొత్త ప్యాడులకు చోటు కావలెనన్న వానిని లోనికి త్రోయవలెను. ఆ కారు ముందు క్యాలిపరులలో రెండేసి పిస్టనులు కలవు. ఒకదానిని నొక్కిన రెండవది వెలికి వచ్చును. అందుచే పాత ప్యాడును రెండింటిపైనను పరచి, బిగింపు పట్టుతో మెల్లమెల్లగా ఒకేమారు నొక్కెను. ఆ సమయమున ఇంజను ప్రక్కనున్న బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టము పెరుగును. పొర్లి రంగుపై పడినచో రంగు ఊడిపోవును. ఆ జాగ్రత్తయు అతడు తీసికొనెను.

క్రొత్త ప్యాడులు అమర్చునప్పుడు రాపిడి ముఖమునకు గ్రీజు గాని, చేతి జిడ్డు గాని తగులనీయలేదు. పని ఎల్లప్పుడును ఒకప్రక్క ముగించి రెండవప్రక్క ఆరంభించెను. ఒకప్రక్క భాగములు ఎట్లుండెనో మరచినచో విప్పని రెండవప్రక్క చూచి తెలిసికొనవచ్చును. ఒకే ఇరుసున కుడిచక్రమునకు మార్చి ఎడమచక్రమునకు మానుట కూడదు. అట్లయిన బ్రేకు వేసినప్పుడు కారు ఒకవైపునకు లాగును. బోల్టులను తయారీదారుల పుస్తకములోని అంకెల ప్రకారము టార్కు రెంచితో బిగించెను. చక్రపు నట్లు ఐదింటిని వరుసగా గాక, ఒకదానిని విడిచి ఒకదానిని, నక్షత్రపు కొసలవలె, 120 న్యూటను మీటర్ల బిగువునకు తెచ్చెను. కారును దించెను. చేతులు కడిగికొనెను. అప్పటికి రాత్రి పది గంటలయ్యెను.

తండ్రి అప్పుడొక్క ప్రశ్న వేసెను.

“నాయనా, అంతయు బిగించితివి గదా, బండి ఆగునో లేదో చూచితివా?”

“కదిలిననే గదా నాన్నగారూ, ఆగుట! రేపు చూతము. మీరు భోజనమునకు లేవండి” అని కుమారుడు నవ్వెను.

మరునాటి ఉదయము తల్లి పట్టుచీర కట్టుకొని, కొబ్బరికాయల సంచి ఒడిలో పెట్టుకొని ముందు సీటులో కూర్చుండెను. గ్యారేజి నుండి వీధికి బాట పల్లముగ నుండును. కారు వెనుకకు కదలెను. వీధి అంచున కుమారుడు బ్రేకు పెడలు నొక్కెను. పెడలు ఏ అడ్డును లేక నేల వరకు దిగిపోయెను. కారు ఆగలేదు.

బిగించిన బోల్టులలో దోషము లేదు. ప్యాడులలో దోషము లేదు. పిస్టనులను లోనికి నొక్కినందున వానికిని ప్యాడులకును నడుమ ఖాళీ యేర్పడెను. పెడలును పలుమార్లు నొక్కినచో ఆయిలు పిస్టనులను ముందునకు తెచ్చి ఆ ఖాళీని పూరించును. ఆ పని జరుగనంతవరకు మొదటి నొక్కుడంతయు ఖాళీ నింపుటకే వ్యయమగును. రాత్రి కారును దించిన వెంటనే, ఇంజను మొదలుపెట్టకమునుపే, కూర్చున్నచోటనే పెడలును గట్టిపడువరకు నొక్కియుండవలసినది. ఆ ఒక్క పని, అర నిమిషము కూడ పట్టని పని, మిగిలిపోయెను.

ఆ కారునకు చేతిబ్రేకు వేరుగ కలదు. అది ఆయిలుతో గాక తీగతో, వెనుక డిస్కుల నడుమనున్న చిన్న దిమ్మెలపై పనిచేయును. కుమారుని చేయి తడబడక దానిని లాగెను. కారు వీధి మధ్యకు పోయి ఆగెను. ఆ క్షణమున వీధిలో వేరు బండి రాకపోవుట వారి అదృష్టము. తల్లి ఒడిలోని కొబ్బరికాయలు కాళ్ళ దగ్గరకు దొర్లెను. “ఏమైనదిరా?” అని ఆమె అడిగెను. కుమారుడు వెంటనే బదులు చెప్పలేకపోయెను. పెడలును నాలుగైదుమారులు నొక్కెను. నాలుగవ మారునకు అది రాయివలె గట్టిపడెను.

సోదరులారా! ఈ కథలోని నీతి ఇంటివద్ద ఈ పని చేయరాదనుట కాదు. దుకాణములలోను పొరపాటులు జరుగును. యువకునికి విద్య లోపింపలేదు, శ్రద్ధ లోపింపలేదు, పనిముట్లు లోపింపలేదు. లోపించినది రెండవ కన్ను. ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి ఈ విషయము సులభముగా బోధపడును. గుమాస్తా వ్రాసిన నోటును సెక్షను ఆఫీసరు చూచును. ఆయన చూచినదానిని పై అధికారి చూచును. ఫైలు ఆలస్యమగుచున్నదని లోకము ఆడిపోసికొనును. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని అంకె తప్పిన చోట, ఆ తప్పు ప్రజలకు చేరకమునుపే, ఎవరో యొకరి కంటబడుట ఆ పద్ధతి వలననే సాధ్యమగుచున్నది. ఇంటి గ్యారేజిలో గుమాస్తాయు తానే, అధికారియు తానే. అచ్చట వ్రాసినవాని సంతకముతోనే ఉత్తరువు వెలువడును. ఆ ఉత్తరువు మరునాడు కన్నతల్లిపై అమలగును.

కావున ఈ పనిని ఇంటివద్ద చేయుటలో మిగులునది డబ్బు, నెత్తికెత్తుకొనునది బాధ్యత. బాధ్యత వహింపగోరువాడు తన హద్దును గూడ తెలిసికొనవలెను. గొట్టము పగిలియున్నను, పిస్టను చుట్టును ఆయిలు చెమ్మ కనబడినను, డిస్కు కనీస మందమునకు దిగినను, ఆయిలు త్రోవ విప్పి గాలి చొరబడినను, అలవాటులేనివాడు అచ్చట పని నిలిపి నిపుణుని పిలువవలెను. మీటతో పనిచేయు విద్యుత్తు చేతిబ్రేకు గల కారులలో వెనుక పిస్టనులను బలవంతముగా నొక్కరాదు. ముందుగా కారును తయారీదారులు చెప్పిన మరమ్మతు స్థితికి తేవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 4 అను తరగతి ఆయిలు క్రొత్తదైనప్పుడు కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదు. తేమ చేరినప్పుడు ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవును. మరిగి ఆవిరియైన ఆయిలు పిస్టనును త్రోయజాలదు. ప్యాడులు క్రొత్తవైనను, ఏండ్ల తరబడి మార్చని ఆయిలు కొండదారిలో ద్రోహము చేయును.

బ్రేకు దుమ్మును గూర్చియు ఒక మాట. పూర్వము లైనింగులలో ఆస్‌బెస్టాస్ విరివిగా వాడుచుండిరి. దాని నూగు ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతక వ్యాధులు కలిగించును. బ్రిటను 1999లో దానిని నిషేధించెను. అమెరికాలో అప్పటికిని వాడుకలోనుండిన రకమును నిషేధించు నియమము 2024 మార్చిలో వెలువడెను. పాత కారులలో ఏ లైనింగున్నదో చూపులతో తెలియదు. కనుక దుమ్మును నోటితో గాని, గాలిగొట్టముతో గాని ఊదరాదు. తడిపి తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి పారవేయవలెను. పిల్లలను ఆ చోటునకు రానీయరాదు.

పెడలు గట్టిపడినంత మాత్రమున పని ముగియదు. క్రొత్త ప్యాడును క్రొత్త కోడలివలె కొంతకాలము అలవాటు పడనీయవలెను. జనసంచారము లేని బాటపై గంటకు యాభై అరవై కిలోమీటర్ల వేగమున పోవుచు, పూర్తిగా నిలుపక, మెల్లగా వేగము తగ్గించుచు, నడుమ చల్లబడనిచ్చుచు, కొన్నిమారులు బ్రేకు వేయవలెను. ప్యాడు పదార్థము పలుచని పొరగా డిస్కున అంటుకొనును. అంతట పట్టు కుదురును. ఎంత వేగమున, ఎన్నిమారులు అను విషయమున ప్యాడు తయారుచేసినవారి సలహాయే ప్రమాణము.

ఆ ఇంటికి తిరిగి పోదము. నాడు దేవాలయమునుండి వచ్చిన పిదప తండ్రి కొడుకును మందలింపలేదు. ఒక తెల్లకాగితము తీసికొని, ముప్పది యేండ్ల అలవాటు చొప్పున అంకెలు వేసి వ్రాయ మొదలిడెను. దిమ్మెలు పెట్టబడినవా? స్టాండులు నిలిచినవా? గొట్టము వ్రేలాడలేదు గదా? రెండు ప్రక్కలును పూర్తియైనవా? నట్లు బిగిసినవా? పనిముట్లు లెక్కకు సరిపోయినవా? ఆయిలు మట్టము సరియేనా? చిట్టచివర, మిగిలినవానికంటె పెద్ద అక్షరములతో, పెడలు గట్టిపడినదా, కదలుటకు ముందు ఆగినదా అని వ్రాసి, క్రింద రెండు సంతకములకు చోటు విడిచెను. కొడుకు దానిని గ్యారేజి గోడకు అంటించెను.

తరువాతి ఆదివారము వెనుక చక్రముల వంతు వచ్చెను. తండ్రి కుర్చీలో కూర్చుండి ఒక్కొక్క పంక్తి చదువుచుండగా, కుమారుడు చేసి చూపి బదులు చెప్పుచుండెను. చివరి పంక్తి వద్ద తండ్రి స్వయముగా కారులో కూర్చుండి పెడలును నొక్కి చూచెను. ఇంజను మ్రోయుచుండగా మరియొకమారు నొక్కి చూచెను. ఆపైన సమతలమున కారును రెండడుగులు కదిలించి కుమారుడు బ్రేకు వేసెను. కారు నిలిచెను. ఇద్దరును సంతకము చేసిరి. పానా పట్టుట రాని తండ్రి ఆనాడు ఆ పనిలో సగము పాలు పంచుకొనెను.

ఈ సభలోని తల్లిదండ్రులకు, ఇల్లాండ్రకు మనవి యిదియే. మీ పిల్లలు దూరదేశమున తమ కారులను తామే బాగుచేసికొనుచున్నచో భయపడి వారింపకుడు. ‘మాకు యంత్రము తెలియదు’ అని ప్రక్కకు తొలగకుడు. చదివి వినిపించుటకు యంత్రవిద్య అక్కరలేదు. అడుగుటకు అంతకంటెను అక్కరలేదు. ఆనాడు బెర్తా బెంజ్‌ను త్రోవయే బ్రేకు విషయమున హెచ్చరించెను. ఆ హెచ్చరికను ఆమె విని ఆగినందువలననే పుట్టిల్లు చేరెను.

మన యూళ్ళలో రథోత్సవము జరుగునప్పుడు మోకులు పట్టి లాగువారు వందల కొలదిగా నుందురు. గోవింద నామము మిన్నుముట్టును. అందరి కన్నులును స్వామిమీదనే యుండును. కాని చక్రముల ప్రక్కనే, వంగి నడచుచు, చేత కొయ్యదిమ్మె పట్టుకొని నలుగురైదుగురు సాగుచుందురు. రథము పల్లమునకు జారబోవునప్పుడు, మలుపు తప్పబోవునప్పుడు దిమ్మెను చక్రము క్రింద పెట్టువారు వారే. వారికి హారతి పళ్ళెము చివరకు వచ్చును. ఒక్కొక్కప్పుడు రాకయే పోవును. అయినను సాయంకాలమునకు రథము క్షేమముగా నిలయమునకు చేరినదన్న అందు వారి పాలు తక్కువది కాదు. రథము కదలకమునుపే, వీధి మొదటనే, వారు తమ దిమ్మెలను ఒక్కమారు నేలకు కొట్టి చూచుకొందురు.

కారు గల ప్రతి గృహస్థుడును అట్లే, తాళముచెవి త్రిప్పుటకు మునుపు, కాలితో ఒక్కమారు నొక్కి చూచుకొనవలెను. ప్రక్కసీటులో ఎవరు కూర్చుండిరో తలచుకొని నొక్కవలెను.

స్వస్తి.